గుర్రం పనికి కౌబాయ్ బూట్లు: నడిచేటప్పుడు పట్టుకోవాలి, పడితే వదిలెయ్యాలి

ఉత్తర టెక్సాస్‌లో ఆబ్రీ అనే ఊరి దగ్గర కొంచెం స్థలం కొని రెండు గుర్రాలు పెట్టుకున్నామని, ఇన్నాళ్లూ స్నీకర్లతోనే కొట్టంలోకీ జీను మీదకీ వెళ్తున్నామని రాశారు. ఏ బ్రాండు కొనాలి, సైజు ఎలా చూసుకోవాలి, కొట్టం పనికీ సవారీకీ ఒకే జత సరిపోతుందా, ఇంట్లో అమ్మగారు ఆవుతోలు వద్దంటున్నారు కాబట్టి వేరే దారి ఏమైనా ఉందా అని అడిగారు. పాప కూడా సవారీ నేర్చుకుంటోందన్నారు. నేను ఉత్తర టెక్సాస్‌లోనే పశువుల డాక్టరుని, చాలా ఏళ్లుగా గుర్రాల కాళ్ల దగ్గరే నా పని. అందుకని ఇది కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. స్నీకర్లతో గుర్రం ఎక్కడం ఈ వారమే మానెయ్యండి, బూట్లు వచ్చేదాకా సవారీ ఆపినా నష్టం లేదు. మడమ లేని షూ రికాబులోంచి (జీను పక్కన వేలాడే, కాలు పెట్టుకునే కడియం) అవతలికి జారిపోతుంది, అదే సమయానికి గుర్రం ఏ ప్లాస్టిక్ సంచికో బెదిరి పక్కకి దూకిందంటే మనిషి కింద, కాలు పైన రికాబులో ఇరుక్కుపోయి, గుర్రం ఎంత దూరం పరిగెత్తితే అంత దూరం ఈడ్చుకుపోతుంది. సవారీ చేసేవాళ్లు పడిపోవడానికి అంతగా భయపడరు, భయపడేది దీనికే. కౌబాయ్ బూటు ఆకారం చాలావరకు ఈ భయం చుట్టూ తయారైందే.

అమెరికా అంతర్యుద్ధం తర్వాత టెక్సాస్ నుంచి కాన్సస్ రైల్వే స్టేషన్లకి పశువుల మందల్ని నెలల తరబడి తోలుకెళ్లే రోజుల్లో, సైనికుల బూట్లూ మెక్సికో పశువుల కాపరుల పద్ధతులూ కలిసి 1870ల ప్రాంతంలో ఈ బూటు పుట్టింది. మీకు వాయవ్యంగా రెడ్ రివర్ ఒడ్డున స్పానిష్ ఫోర్ట్ అనే ఊరుంది. 1879లో హెచ్.జె. జస్టిన్ అనే ఆయన అక్కడ బూట్ల కొట్టు పెట్టారు. పశువుల్ని తోలుకుంటూ ఉత్తరానికి పోయేవాళ్లు వెళ్తూ కొలతలిచ్చి, తిరిగొచ్చేటప్పుడు బూట్లు తీసుకెళ్లేవాళ్లు. జస్టిన్ కంపెనీ అలా మొదలై 1889లో నొకోనాకి, 1925లో ఫోర్ట్ వర్త్‌కి మారింది. ఇదంతా ఎందుకంటే, ఈ బూటులో మనం అందం అనుకునేదానికి చాలావరకు ఏదో ఒక పని ఉంది. ఎత్తు మడమ రికాబుకి అడ్డం పడి కాలు దూరిపోకుండా ఆపుతుంది. సన్నని మొన కాలు రికాబులో సులువుగా పెట్టుకోడానికి (మరీ సూదిలా ఉండేవి మాత్రం తర్వాత వచ్చిన ఫ్యాషన్). పొడుగు గొట్టం జీను పక్కల తోలు రాసుకుని పిక్క చర్మం లేచిపోకుండా, ముళ్లు గుచ్చుకోకుండా కాపాడుతుంది. గొట్టం మీద వరసలు వరసలుగా కనిపించే కుట్టు కూడా తోలుని బిగువుగా నిలబెడుతుంది, లేకపోతే అది చీలమండ మీదకి జారి కుప్పగా పడుతుంది. లేసులు లేకపోవడానికి కూడా కారణముంది. కాలు రికాబులో ఇరుక్కున్నా బూటు అక్కడే ఉండిపోయి కాలు బయటికి రావాలి.

అందుకని నేను బూటు చూసేటప్పుడు అడిగేవి రెండే. నడుస్తున్నప్పుడు ఇది నా కాలిని పట్టుకుంటుందా? పడిపోతే వదిలేస్తుందా? మిగతా అన్నీ ఈ రెంటి తర్వాతే.

మడమ సంగతి చూద్దాం. షాపులో మూడు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. రోపర్ అనేదానికి మడమ సుమారు 1 అంగుళం, అడుగు చదునుగా ఉంటుంది, గొట్టం పొట్టి, మొన గుండ్రం. దూడల్ని తాడేసి పట్టే పోటీల్లో గుర్రం మీంచి దూకి పరిగెత్తాలి కాబట్టి వాళ్ల కోసం వచ్చిన రకం ఇది. నడకకి ఇదే సుఖం. రెండోది స్టాక్‌మన్, మడమ సుమారు 1.5 అంగుళాలు, కొంచెం వెడల్పు. మూడోది అసలు సవారీ మడమ, 2 అంగుళాల దాకా ఉండి లోపలికి వాలి ఉంటుంది, రికాబులో చాలా భద్రం, కానీ దాంతో రోజంతా సిమెంటు నేల మీద నిలబడితే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి రోజుకి గంట జీను మీద, మిగతా టైమంతా నేల మీద. మీకు స్టాక్‌మన్ సరిగ్గా సరిపోతుంది. రోపర్ కూడా పర్లేదు, కానీ మడమ ముందు అంచు అరిగి గుండ్రంగా అయిపోకుండా చూసుకోవాలి, ఎందుకంటే రికాబుకి అడ్డం పడేది ఆ అంచే.

సోల్ విషయంలో షాపువాళ్లు మీకు లోతైన గాడులున్న రబ్బరు సోల్ చూపించి పట్టు బాగుంటుందంటారు. నేల మీద నిజమే. రికాబులో ఆ పట్టే ప్రమాదం, కాలు తీసుకోవాల్సిన క్షణంలో గాడి రికాబు అంచుకి తగులుకుంటుంది. సవారీకి తోలు సోల్ మంచిది, లేదా గాడులు లేని, దాదాపు నున్నగా ఉండే పల్చని రబ్బరు సోల్. ముందు నుంచి మడమ దాకా ఒకే దిమ్మలా ఉండే వెడ్జ్ సోల్ బూట్లు నిలబడి పని చేసేవాళ్లకి హాయిగా ఉంటాయి గానీ మడమకి అంచే ఉండదు కాబట్టి అవి జీను మీదకి పనికిరావు. తోలు సోల్‌కి ఉన్న లోపం, గుర్రాన్ని కడిగే తడి సిమెంటు మీద జారుతుంది. కొత్తలో మెట్ల మీద కూడా జాగ్రత్త. గరుకు నేల మీద నాలుగు రోజులు నడిస్తే ఆ నునుపు పోతుంది.

ఇప్పుడు సైజు. మనవాళ్లు డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి వివరంగా చెప్తాను.

లేసుల షూని బిగించి కట్టుకోవచ్చు, ఈ బూటుకి అది లేదు. కాలిని పట్టి ఉంచేది ఒక్క మీగాలు దగ్గరి బిగువే. మధ్యాహ్నం తర్వాత షాపుకి వెళ్లండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. మీరు రోజూ వేసుకోబోయే పొడుగు సాక్సులే తొడుక్కెళ్లండి. కూర్చుని, బూటు పైన చెవుల్లా ఉండే రెండు పట్టీల్నీ పట్టుకుని లాగుతూ కాలు దింపండి. చీలమండ తిరిగే చోట ఒక్క క్షణం ఇక దిగదేమో అనిపించాలి, ఇంకాస్త తోస్తే లోపలి గాలి బయటికొచ్చి మడమ టప్‌మని కూర్చోవాలి. ఆ అడ్డు తగలకుండా సర్రున దిగిపోయిందంటే మీగాలు దగ్గర వదులు, అడుగడుగునా పాదం ముందుకి జారి వేళ్లు మొనకి గుద్దుకుంటాయి. దిగాక కూడా మీగాలు మీద నొప్పి ఉంటే బిగుతు, తోలు సాగుతుందిలే అని ఆ నొప్పిని కొనుక్కోకండి. తోలు వెడల్పులో కొంచెం సాగుతుంది, పొడుగులో అస్సలు సాగదు.

లేచి నిలబడండి. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ఎముక బూటు అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోటే ఉండాలి. నడిస్తే వెనక మడమ పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా లేస్తుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు, కొత్త సోల్ వంగదు కాబట్టి అలా లేస్తుంది, సోల్ వంగడం మొదలైతే తగ్గుతుంది. అంతకంటే ఎక్కువ లేస్తే మాత్రం బొబ్బలు ఖాయం.

చిన్నప్పట్నుంచి చెప్పులతోనో ఉత్త కాళ్లతోనో తిరిగినవాళ్లకి పాదం ముందు భాగం బాగా విచ్చుకుని ఉంటుంది. పక్కల బిగుతుగా ఉందని ఇంకో సైజు పెద్దది తీసుకుంటారు. అది తప్పు దారి. పొడుగు పెరిగితే బూటు వంగే చోటు ఒకటి, మీ పాదం వంగే చోటు ఇంకోటి అయిపోతాయి, పాదం వంపుకి ఆసరాగా సోల్ లోపల ఉండే స్టీలు పట్టీ రావాల్సిన చోట రాదు, నెల తిరక్కుండా ఆనెలు మొదలవుతాయి. మగవాళ్ల బూట్లలో మామూలు వెడల్పుని డి అని, వెడల్పాటివాటిని డబుల్ ఈ అని రాస్తారు, అదే సైజులో డబుల్ ఈ అడగండి. షాపులో బ్రాన్నాక్ అనే లోహపు కొలత పలక ఉంటుంది, దాని మీద మడమ నుంచి వేళ్ల దాకానే కాకుండా మడమ నుంచి ఆ ఉబ్బెత్తు ఎముక దాకా కూడా కొలవమనండి, ఈ రెండో కొలతే బూటుకి ముఖ్యం. చాలామందికి స్నీకర్ల సైజు కంటే అర సైజు తక్కువే సరిపోతుంది. మొన విషయంలో చతురస్రంగా ఉండేది గానీ గుండ్రంగా ఉండేది గానీ తీసుకుంటే వేళ్లకి చోటుంటుంది.

షాపులోనే ఇంకో పరీక్ష. బూటు విప్పుకునే చెక్క ఉంటుంది, మడమని దాని సందులో పెట్టి కాలు లాగండి. కొంచెం బలం పెడితే రావాలి. ఇద్దరు మనుషులు పట్టుకుని లాగితే తప్ప రాని బూటు ఎంత అందంగా ఉన్నా సవారీకి కొనకండి. కాలుకి అంటుకుపోయేంత సన్నటి గొట్టం కూడా ఇందుకే వద్దు.

మన్నిక గురించి. తిరగేసి సోల్ చూడండి. పైతోలునీ సోల్‌నీ కలుపుతూ అంచు చుట్టూ వెల్ట్ అనే సన్నని తోలు పట్టీ, దాని మీద కుట్టు ఉండాలి. కొన్నిటికి అలాంటి గీతలు అచ్చుపోసి లోపల జిగురుతో అతికిస్తారు, అవి అరిగితే పారెయ్యడమే. కుట్టిన వెల్ట్ ఉంటే సోల్ మళ్లీ మళ్లీ మార్పించుకోవచ్చు. తర్వాత పాదం మధ్య వంపు దగ్గర చూడండి, మంచి బూటుకి అక్కడ అగ్గిపుల్ల తలంత చిన్న చిన్న చెక్క మేకులు రెండు వైపులా వరసగా కనిపిస్తాయి. పాత పద్ధతే, కానీ ఇప్పటికీ అంతకంటే మంచిది లేదు. తడిసినప్పుడు తోలుతో పాటే చెక్క కూడా ఉబ్బుతుంది, ఆరితే రెండూ కలిసే తగ్గుతాయి, అందుకే ఊడి రావు. రికాబు మీద మీ బరువంతా పడేది ఆ వంపు దగ్గరే. లోపల మెత్తటి అట్ట ఉంటే ఎత్తి కింద ఏముందో చూడండి. తోలు ఉంటే అది మీ పాదం అచ్చు తీసుకుంటుంది, నొక్కిన అట్టలాంటిది ఉంటే చెమటకీ తడికీ ఒకటి రెండేళ్లలో చీలికలైపోతుంది. పైతోలుని బొటనవేలితో వంచి చూడండి. సన్నని ముడతలు పడి వదలగానే పోతే మంచి తోలు. ప్లాస్టిక్ పూతలా మెరుస్తూ ఒకే గీతగా మడత పడితే, తర్వాత ఆ గీత మీదే పగులుతుంది. జెన్యూన్ లెదర్ అనే ముద్ర చూసి మురిసిపోకండి, ఫుల్ గ్రెయిన్ (పైపొర గీకెయ్యని అసలు తోలు) అని ఉందేమో చూడండి.

మీ వైపు మట్టి కొన్ని చోట్ల మన నల్లరేగడి లాంటిదే, వాన పడితే బూటుకి అంటుకుని వదలదు. కంచె వెంబడి పెరిగే మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకి దాయాది, ముల్లు దిగితే స్నీకరూ ఆపదు, పల్చటి ఫ్యాన్సీ తోలూ ఆపదు. నాగజెముడు సరేసరి. తుప్పల్లో తిరిగేవాళ్లకి నేను రఫ్ఔట్ తోలు చెప్తాను, అంటే గరుకు వైపు బయటికి తిప్పి కుట్టింది. గీతలు పడినా కనిపించవు, పాలిష్ గొడవ లేదు.

అమ్మగారి అభ్యంతరం గురించి సూటిగా చెప్తాను. ఆస్ట్రిచ్ (నిప్పుకోడి), మేక, బైసన్ (అమెరికా అడవిదున్న) తోళ్లతో బూట్లు దొరుకుతాయి. ఆస్ట్రిచ్ చాలా మెత్తన, మన్నిక కూడా బాగుంటుంది, ధర ఎక్కువ. కానీ ఆస్ట్రిచ్ అని రాసి ఉన్న బూటుకి కూడా సాధారణంగా పాదం పైభాగం మాత్రమే ఆ తోలు, గొట్టం, లోపలి అట్ట, సోల్ ఎక్కువగా ఆవుజాతి తోలువే ఉంటాయి. పూర్తిగా వద్దనుకుంటే రెండే దార్లు: ఏ భాగానికి ఏ తోలు అని ముందే చెప్పి కస్టమ్‌గా కుట్టించుకోవడం, దానికి వెయ్యి డాలర్లు దాటుతుంది, లేదా పూర్తి సింథటిక్, అది పాదానికి తగ్గట్టు మలచుకోదు, వేసవిలో ఉక్క, ఎక్కువ కాలం రాదు. సింథటిక్ తీసుకున్నా మడమ, నున్నటి సోల్, సులువుగా విప్పుకోవడం అన్న మూడింటిలో రాజీ పడకండి. షాపులో సగం చెప్పి అమ్ముతారు, ఇంటికొచ్చాక అమ్మగారి ముందు ఇబ్బంది పడేకంటే అన్ని భాగాల గురించీ ముందే అడగడం మంచిది.

బ్రాండు చివర్లో చెప్తున్నానంటే దానికి అంత విలువే ఉంది. జస్టిన్, 1911లో ఎల్ పాసోలో మొదలైన టోనీ లామా, 1993లో వచ్చిన ఆరియట్, రియో గ్రాండే లోయలోని మెర్సెడెస్ ఊళ్లో కుట్టే ఆండర్సన్ బీన్, ఇవన్నీ వాడే బూట్లే. ఆరియట్ కొత్తవాళ్ల కాలికి మొదటి రోజు నుంచే హాయిగా ఉంటుంది, ఆండర్సన్ బీన్ మొదట గట్టిగా ఉండి తర్వాత ఏళ్ల తరబడి వస్తుంది. కానీ పెద్ద కంపెనీల్లో ఒకే పేరు మీద చవకవీ మంచివీ కూడా అమ్ముతారు, కాబట్టి పేరు కాకుండా పైన చెప్పినవి చూసి కొనండి. పైగా ఒక్కో కంపెనీ అచ్చు ఒక్కోలా ఉంటుంది, నా మీగాలుకి సరిపడింది మీకు సరిపడకపోవచ్చు. మొదటి జత ఆన్‌లైన్‌లో కొనొద్దు. 200 నుంచి 350 డాలర్ల మధ్య పెడితే సోల్ మార్పించుకోగలిగిన మంచి బూటు వస్తుంది.

ఒకే జత చాలా అంటే, చాలదు. లద్దె, మూత్రం ఉన్న గడ్డి ఎత్తే పనికి ముప్పై నలభై డాలర్ల రబ్బరు గమ్‌బూట్లు ఇంకో జత పెట్టుకోండి. మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా తోలునీ కుట్టునీ తినేస్తుంది, మంచి బూట్లని ఏడాదిలో పాడు చేసేది సవారీ కాదు, ఇదే. గమ్‌బూట్లతో మాత్రం జీనెక్కొద్దు. స్టీలు మొన బూట్ల గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. ఏఎస్‌టీఎం ఎఫ్2413 (భద్రతా బూట్లకి అమెరికా ప్రమాణం) గుర్తు ఉన్నవి గుర్రం కాలు తొక్కినప్పుడు వేళ్లని కాపాడతాయి, మామూలు గుర్రం నాలుగు వందల యాభై కిలోలు ఉంటుంది, ఆ దెబ్బలు నేను చూస్తూనే ఉంటాను. పశువుల్ని బోనులో పెట్టి పని చేసేవాళ్లకి అవి మంచివే. సవారీకి మొన లావై రికాబులో ఇరుకవుతుంది, చలికాలంలో వేళ్లు కొంకర్లు పోతాయి. నేనైతే సవారీకి వద్దంటాను.

కొన్నాక వారం పది రోజులు సాయంత్రం ఇంట్లోనే గంట రెండు గంటలు వేసుకుని తిరగండి, కొత్త తోలు చెప్పు కరిచినట్టే ఇదీ మొదట కొంచెం కరుస్తుంది. నీళ్లలో నానబెట్టి వేసుకోమని పాతవాళ్లు చెప్తారు, వద్దు. రోజూ పని అయ్యాక మట్టి దులిపి తడిగుడ్డతో తుడిస్తే చాలు. తడిస్తే లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి, హీటరు దగ్గర గానీ ఎండలో ట్రక్కులో గానీ పెడితే తోలు అట్టకట్టి పగులుతుంది. తోలు పొడిబారినట్టు కనిపించినప్పుడు లెక్సాల్ గానీ బిక్ 4 గానీ, అంటే తోలుకి రాసే కండిషనర్, పల్చగా రాయండి. మింక్ ఆయిల్ ఎక్కువైతే తోలు రంగు మారి మరీ మెత్తబడిపోతుంది. మడమ కింద రబ్బరు అరగగానే మార్పించండి, తోలు మడమ దాకా అరగనిస్తే ఖర్చు పెరుగుతుంది. సోల్ కూడా అంతే, వెల్ట్ తినెయ్యకముందే ఇస్తే వంద డాలర్ల అటూ ఇటూలో అయిపోతుంది. ఇంకో సంగతి, కొట్టంలో వదిలిన బూట్లు పొద్దున వేసుకునే ముందు తిరగేసి గట్టిగా దులపండి, ఇక్కడ తేళ్లూ సాలీళ్లూ ఉంటాయి.

పాపకి కొత్తవి కొనక్కర్లేదు, పిల్లలు బూట్లు అరగకముందే ఎదిగిపోతారు కాబట్టి పాతవి మంచివే దొరుకుతాయి. ఎదుగుతుంది కదా అని రెండు సైజులు పెద్దవి మాత్రం వేయించొద్దు, జారే బూటుతో మడమ కిందికి దించి కూర్చోవడం పిల్లకి చేతకాదు. లేసులవీ జిప్పులవీ కాకుండా లాగి తొడుక్కునేవే తీసుకోండి.

షాపుకి బయల్దేరే ముందు మీ జీను రికాబు లోపలి వెడల్పు, పాప జీనుది కూడా, టేపుతో కొలిచి రాసుకోండి. బూటు వెడల్పైన చోట రెండు పక్కలా అర అంగుళం చొప్పున ఖాళీ మిగలాలి. డబుల్ ఈ వెడల్పు, చతురస్రపు మొన తీసుకుంటే ఆ ఖాళీ మిగలకపోవచ్చు, అప్పుడు బూటు మార్చకండి, రికాబు మార్పించండి.